పోశెట్టి నలభై నడకలు

నడక 1

మంచు. ఏమీ లేదు.

ఇది ఆయన రాసే తీరు. తొమ్మిదేళ్ళ చిట్టా తిరగేసి చూశాను, ప్రతి రోజుకీ అదే మాట. మంచు, ఏమీ లేదు. ఎండ, ఏమీ లేదు. ఒక్కచోట మాత్రం 'పంది' అని ఉంది. ఇంట్లో ఎంత మాట్లాడేవాడో పుస్తకంలోనూ అంతే. కాబట్టి పై ముక్క ఆయన తరఫున రాశాను. ఇక్కడి నుంచి నాది.

నా పేరు గంగామణి. మడిచెలక కాలిబాటకు నడకదారు పోశెట్టి, నేను ఆయన భార్యను. మొన్న పొద్దున ఈ ఏటి మొదటి నడకకని పొయ్యి ముందు కూర్చుని, అడుగులు లెక్కపెట్టడానికి కచేరీ ఇచ్చిన జోళ్ళు తొడుక్కోబోతూ వంగాడు. మళ్ళీ లేవలేదు. నిన్న మధ్యాహ్నం గుట్ట వెనక పూడ్చిపెట్టాం. ఈ రోజు ఆ జోళ్ళు తొడుక్కుని నేను నడిచాను.

ఆయన పాదం నా పాదం కంటే రెండు వేళ్ళ పొడుగు. పాత చీర చింపి ముందువైపు కుక్కాను. ఆయన డెబ్బై ఒక్క కిలోలు, నేను యాభై నాలుగు. తక్కువైన పదిహేడు కిలోలకు జొన్నలు సంచిలో పోసి వీపుకు కట్టుకుని, పైన ఆయన గొంగడి కప్పుకున్నాను. పెళ్ళికి ముందెప్పుడో పొలం దున్నే మర చక్రం ఎక్కి ఆయన ఎడమ మడమ నేలకు సరిగా ఆనేది కాదు. అందుకని నా ఎడమ మడమ కింద గుడ్డ మడత పెట్టాను. జోళ్ళు బరువు చూస్తాయి, అడుగు చూస్తాయి, కుంటి చూస్తాయి. మొహం చూడవు.

కచేరీ ఉన్న పట్నం, కస్బా, దాని గేటు వరకు ఐదు కిలోమీటర్లు, తిరిగి ఐదు. రెండు వైపులా మరలు వేసిన శనగ, మధ్యలో రెండు మూరల వెడల్పున బాట. మనిషి నడిచే చోట మర దున్నకూడదని చట్టం. చలికాలంలో నలభై సార్లు నడిస్తేనే అది బాట. ముప్పై తొమ్మిది నడిస్తే లేనట్టే లెక్క. ఎవరి పేరు మీద బాట ఉందో వాళ్ళే నడవాలి. కొత్త పేర్లు తీసుకోవడం కచేరీ ఆరేళ్ళ కిందే మానేసింది. పేరు పోతే బాట పోతుంది, అటు శనగా ఇటు శనగా కలిసిపోతాయి. మర ముందు మనిషైనా పందైనా ఒకటే, మందు చల్లేస్తుంది. మడిచెలక నుంచి బయటికి ఇంకో దారి లేదు. పదకొండు ఇళ్ళు, నలభై మూడు మంది. మొన్నటి నుంచి నలభై రెండు.

బాట మొదలయ్యే ఊరి రాయి దగ్గరికి తిరిగొచ్చాక కుడి జోడు పట్టీ మీద అంకె వెలిగింది. తేడా 6. ఇప్పటి నడక పాత నడకకు ఎంత దూరంలో ఉందో అది చెబుతుంది. పదిహేను దాటి మూడు రోజులుంటే కచేరీ మనిషిని పంపుతుంది.

ఇదంతా మా వదినె సాయవ్వ చేసిన ఏర్పాటు. ఆమె ఆయనకు అక్క, ఊరికి పెద్ద. శవం ఇంకా నట్టింట్లో ఉండగానే అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. "వాడు సచ్చిండని నలభై నడకలయ్యేదాక ఎవ్వలు నోట అనొద్దు. ఏడుపొస్తే కొంగు నోట్ల కుక్కుకోండ్రి. మరలకు చెవులున్నయి."

ఉన్నాయి, నిజమే. పందుల కోసం పెట్టిన చెవులు అన్నీ వింటాయి, విన్నవన్నీ కచేరీకి పోతాయి. నలభై నడకలు ముగిసేసరికి చేను పని అయిపోయి మరలు కొట్టాలకు పోతాయి. ఏడుపైనా, కర్మ చేసి పిట్టకు పెట్టడమైనా అప్పుడే. బాట ఊళ్ళలో ఇలా చేశారని విన్నాం కానీ మా ఊళ్ళో ఇదే మొదలు. మా వదినె కొంగు నోట్లో పెట్టుకోవడం చూశాను. నాకు ఆ అవసరం రాలేదు. ఏడుపే రాలేదు.


నడక 2

మంచు. కాళ్ళు తడిశాయి. శనగ ఆకు మీద మంచు పుల్లగా ఉంటుంది, చర్మానికి తగిలితే చురుక్కుమంటుంది. పిక్కలు ఎర్రబడ్డాయి. చూస్తే గానీ తెలియలేదు.

తేడా 6.


నడక 5

పొద్దున పొయ్యి మీంచి గిన్నె వట్టి చేతులతో దించాను. పక్కింటి విజయ చూసి అయ్యో అంది. నాకు కాలినట్టు లేదు. వేళ్ళు బొబ్బలెక్కాయి, చూపిస్తే ఒప్పుకున్నాను.

బాట మీద ఎవరూ లేరు. చలికాలంలో నడకదారు తప్ప పెద్దగా ఎవరూ తిరగరు. దూరంగా మూడు మరలు వరసలో పోతున్నాయి. మంచులో వాటి చప్పుడు ముందు, ఆకారం తర్వాత. దగ్గరికి వచ్చినప్పుడు తలొంచుకుని కుంటాను. అవి చూడవని తెలుసు, అయినా తలొంచుకుంటాను.

ఆయన చచ్చిపోయాడని నాకు తెలుసు. లెక్క తెలిసినట్టు తెలుసు, అంతే.

తేడా 8.


నడక 9

తేడా 11. మొదటి వారం కచేరీ చూసీ చూడనట్టు ఊరుకుంటుందట. ఏడాది తర్వాత నడిస్తే ఎవరికైనా కాళ్ళు పట్టేస్తాయి కదా. ఇప్పుడు వారం దాటింది.

సాయవ్వ నా వెనక ఊరి రాయి దాకా నడిచి చూసింది. చేతులు ఊపుతున్నావు, వాడు ఊపడు, గొంగడి రెండు కొసలు పట్టుకుంటాడు అంది. ఎడమ కాలు ఎత్తేటప్పుడు మోకాలు బయటికి తిప్పుతాడు అంది. అక్క కదా, చిన్నప్పటి నుంచి చూసింది. పందొమ్మిదేళ్ళు కాపురం చేసి ఆయన మోకాలు ఎటు తిరుగుతుందో నేను చూడలేదు. వచ్చేటప్పుడు చేతిలో సంచి చూసేదాన్ని.


నడక 13

గొంగడి కొసలు పట్టుకున్నాను. మోకాలు బయటికి తిప్పాను. అడుగుకి అడుగు లెక్కపెట్టుకుంటూ నడిచాను. తేడా 14.

ఇంకొక్కటి పెరిగితే పదిహేను. ఊళ్ళో ఎవరూ నన్ను అంకె అడగడం లేదు. అడగకుండా నా మొహం చూస్తున్నారు. అదింకా చిరాకు.


నడక 14

కస్బా గేటు లోపల జోళ్ళు లెక్కపెట్టవు. బాట గేటు దగ్గరే ముగుస్తుంది. అందుకని ధైర్యం చేసి కచేరీలోకి పోయాను. అక్కడ కిటికీ వెనక ఫర్హానా అనే పిల్ల ఉంటుంది. పాతికేళ్ళుంటాయేమో. చలికి ముక్కు ఎర్రగా, మెడకు మఫ్లరు. మా ఆయన గేటు దగ్గర కూర్చున్నాడని, కాలు నొస్తోందని, అంకె ఎందుకు పెరుగుతోందో కనుక్కు రమ్మన్నాడని చెప్పాను.

ఆ పిల్ల కిటికీలోంచి వంగి నా కాళ్ళ వైపు చూసింది. రెండు వేళ్ళు పెద్దవైన మగ జోళ్ళు. మళ్ళీ తెర వైపు తిరిగింది.

"అడుగులు మంచిగనే ఉన్నయక్కా" అంది. "ఆగుడే తప్పుతుంది. వచ్చేటప్పుడు మూడో కిలోమీటరు కాడ అన్న రోజూ ఆగుతుండె. ఇప్పుడు ఆగుతలేడు."

ఆగడం లెక్కలోకి రాదని మా బాట ఊళ్ళలో అందరి నమ్మకం. నిలబడితే జోళ్ళు నిద్రపోతాయంటారు. నడకదార్లు బీడీ కాల్చుకునేటప్పుడు ఆ మాట చెప్పుకుని నవ్వుకుంటారు. నేనూ అదే నమ్మి, తొందరగా వస్తే మంచిదే కదా అని ఎక్కడా ఆగకుండా నడిచాను. జోళ్ళు నిద్రపోవట. నిలబడిన నిమిషాలు కూడా లెక్కపెడతాయట.

ఎంతసేపు ఆగేవాడని అడిగాను. మొదట్లో పది నిమిషాలు, చివరి వారాల్లో ముప్పై అంది. ముప్పై నిమిషాలు చలిలో ఏం చేసేవాడు అనుకున్నాను. బీడీ మానేసి మూడేళ్ళయింది, అలాగని నాతో ఒట్టు వేశాడు. ఓహో, ఇదా సంగతి అనుకుంటూ బయల్దేరాను.

చోటు వెతకడం కష్టం కాలేదు. బాట పక్కన మరలు ఏరి పడేసిన రాళ్ళ కుప్ప ఒకటుంది. మీద ఒక రాయి కూర్చోవడానికి వీలుగా తిప్పి పెట్టి ఉంది. బీడీ ముక్కల కోసం రాళ్ళ సందులు వెతికాను. లేవు. ఖాళీ గోళీల అట్టలు ఉన్నాయి. మడిచి మడిచి, రాళ్ళ మధ్య దోపి. పదిహేడు లెక్కపెట్టి ఆపేశాను. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే గోళీలు. మా నాన్న వాడేవాడు, అట్ట చూస్తే తెలుస్తుంది.

కోపం వచ్చింది. చచ్చిపోయిన రోజు నుంచి మొదటిసారి ఏదో ఒకటి వచ్చింది. నిరుడు చలికాలమంతా రోజూ ఆ రాయి మీద కూర్చుని గోళీ చప్పరించి ఇంటికొచ్చి, ఏమైందయ్యా ఇంతాలస్యం అంటే ఏమీ లేదు అన్నాడు. చిట్టాలోనూ ఏమీ లేదు. దొంగ మొహమోడా. ఒక్క మాట చెబితే నీ నోటి ముత్యాలు రాలేవా. మరలు దగ్గరలో ఉన్నాయి కాబట్టి పైకి అనలేదు. రాయి మీద ముప్పై నిమిషాలు కూర్చుని లోపల్లోపల తిట్టాను.

తేడా 9.


నడక 15

రాయి మీద ముప్పై నిమిషాలు. తిట్లు అయిపోయాయి. తేడా 8. సాయవ్వకు గోళీల సంగతి చెప్పాను. ఆమె చీపురు పక్కన పెట్టి, నీకు భయపడి కాదు చెప్పనిది, బాటకు భయపడి అంది. తెలిస్తే నువ్వు నడవనిచ్చేదానివా అని అడిగింది. లేదు, కాళ్ళు విరగ్గొట్టి మంచంలో వేసేదాన్ని.


నడక 22

మంచు బాగా ఉంది. నాలుగు అడుగుల అవతల ఏమీ కనబడదు. బాట మీద నేను, రెండు వైపులా తెలుపు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను సాయంత్రం అంకె కోసం ఎదురు చూస్తున్నాను. పదిహేను దాటుతుందన్న భయంతో కాదు. ఆ జోళ్ళలో ఎక్కడో, కచేరీలో ఎక్కడో, ఆయన నడక ఉంది. నేను దానికెంత దగ్గరగా వచ్చానో రోజూ చెబుతోంది. ఇల్లంతా వెతికినా ఆయన ఇంత దొరకలేదు. చొక్కాల్లో సబ్బు వాసనే ఉంది, నేనే ఉతికి పెట్టాను, నా చేతులు విరగ. ఇక్కడ మాత్రం రోజూ ఆయన పక్కన కొలిచి చూపిస్తున్నారు.

తేడా 5. అంటే ఆయనకు ఐదు దూరంలో ఉన్నాను.


నడక 27

తేడా 4. గుడ్డ మడత ఎక్కడికో జరిగింది, అయినా కుంటి తప్పలేదు. బొబ్బలు మానాయి. విజయ అనపగింజల కూర తెచ్చి పెట్టింది, ఉప్పు తక్కువైందని నాకు తెలిసింది. తెలిసినందుకు ఆశ్చర్యమేసింది.


నడక 31

నిన్న తేడా 3. ఆ గొప్ప ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి, గేటు దాటి కచేరీకి పోయాను. మా ఆయన మళ్ళీ బాగా నడుస్తున్నాడు చూశావా అన్నాను. ఫర్హానా కూడా నవ్వింది. ఇక భయం లేదక్కా, తగ్గుడే గానీ పెరుగుడుండదు అంది. ఎందుకు పెరగదు అని ఊరికే అడిగాను.

నేను సంతోషిస్తానని అనుకుని చెప్పింది ఆ పిల్ల. తప్పు ఆమెది కాదు.

కచేరీ ఎప్పుడూ వెనకటి నలభై నడకలతోనే పోల్చి చూస్తుందట. అంతకు పాతవి ఉంచదట. కొత్త నడక ఒకటి చేరితే పాతది ఒకటి చెరిగిపోతుంది. మొదటి రోజు నన్ను పోల్చింది ఆయన నిరుటి నలభైతో. రెండో రోజు ఆయనవి ముప్పై తొమ్మిదితో, నాది ఒకటితో. అలా అలా.

"ఇయ్యాల్టితోని ముప్పై ఒకటి" అంది. "ఇంటికి వొయ్యేసరికి పాతయి తొమ్మిదే ఉంటయి. ఇగ పోలిక ఎక్కువ నీ... అన్న కొత్త నడకతోనే కదా."

అంకె తగ్గింది నేను ఆయనకు దగ్గరైనందుకు కాదు. నన్ను నాతోనే కొలుస్తున్నారు. రోజూ ఆయన నడక ఒకటి తుడిచి, ఆ జాగాలో నన్ను పెట్టి, దగ్గరికొచ్చావు అంటున్నారు. అంటున్నారేమిటి, నా కాళ్ళతో నేనే తుడుస్తున్నాను.

ఆ తొమ్మిదీ తీసి ఎక్కడైనా దాచవచ్చా అని అడిగాను. బయటికి తీసే వీలు లేదట, అక్కడ తెర మీద చూడడమే. నడక ఆగిపోయిన బాటలవి మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉంచేస్తారట. నడుస్తున్న బాటలవే చెరుగుతాయట.

వచ్చేటప్పుడు రాయి మీద కూర్చున్నాను. ముప్పై నిమిషాలు దాటినా లేవబుద్ధి కాలేదు. ఇంటికి పోతే ఇంకొకటి పోతుంది. మర ఒకటి దగ్గరికి వచ్చి నిలబడింది, నన్ను పంది అనుకుందో ఏమో. లేచి నడిచాను.

తేడా 7. ఎక్కువసేపు కూర్చున్నందుకు.


నడవని రోజు

వరసగా రెండు రోజులు నడవకపోయినా కచేరీ ఏమీ అనదు. మూడో రోజు నడవాలి.

సాయవ్వకు చెప్పాను. ఆమె అనపకాయలు ఒలుస్తోంది. తొమ్మిది నడకలంటే ఎన్ని అడుగులు అని అడిగింది. రోజుకు పద్నాలుగు వేలు, తొమ్మిది రోజులకు లక్షా ఇరవై ఆరు వేలు అన్నాను. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. ఒలిచిన గింజలు చేటలోకి తోసింది.

"నువ్వు ఆగుతనంటే ఊరికి నేను జెప్త" అంది. "బాట వోతే వోనియ్. ఎటన్న వోయి బతుకుదుం. వాడు నా తమ్ముడు గంగా."

ఊరి పెద్ద ఆ మాట అంటుందని నేను అనుకోలేదు. నడవవలసిందే అంటే తిరగబడదామని మాటలు కూర్చుకుని పోయాను. అవేవీ పనికిరాలేదు.


నడవని రెండో రోజు

పొద్దంతా గడప మీద కూర్చున్నాను. జోళ్ళు పొయ్యి పక్కన ఉన్నాయి. ఎవరైనా దాన్ని వెర్రి అననీ, ఆ జోళ్ళను ముట్టుకోకుండా ఉంటే ఆ తొమ్మిది నడకల్లో ఆయన బతికే ఉన్నాడనిపించింది. కచేరీ గదిలో, ఎప్పటికీ.

సాయంత్రం కాకముందే విజయ వచ్చింది. నేను ఏం ఆలోచిస్తున్నానో ఆమెకు తెలియదు, సాయవ్వ ఎవరికీ చెప్పలేదు. రేపు కస్బాకు పోతే పాపకు మూర్ఛ గోళీలు తెచ్చిపెట్టమని చీటీ ఇచ్చింది. ఎల్లుండితో అయిపోతాయి, మరిచిపోకు వదినా అంది. చీటీ నా చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. పాప ఆమె చంకలోనే ఉంది, మూడేళ్ళది, నా గాజులు లాగుతోంది.

రేపు నడుస్తాను. గొప్ప మనసుతో కాదు. ఆ చీటీ తిరిగి ఇవ్వడానికి నాకు నోరు లేదు.


నడక 32

నడిచాను. గోళీలు తెచ్చాను. తేడా 3.

ఆయనవి ఎనిమిది.


నడక 36

తేడా 2. నాలుగు.

మళ్ళీ ఏమీ తెలియడం లేదు. చలి లేదు, బరువు లేదు. జొన్నల సంచి కట్టుకోవడం మరిచిపోయానేమోనని మధ్య దారిలో వీపు తడుముకున్నాను. ఉంది.


నడక 39

పొద్దున్నే బయల్దేరి కచేరీ తెరిచే వేళకు చేరాను. మిగిలినవి రెండు. నిరుటి ముప్పై తొమ్మిదోది, నలభయ్యోది. ఇంటికి చేరగానే ఒకటి పోతుంది, రేపటితో రెండోది.

ఆ చివరిది చూపించమ్మా అని అడిగాను. మా ఆయన గేటు దగ్గర ఉన్నాడన్న అబద్ధం చెప్పలేదు. ఫర్హానా కూడా అన్న ఎక్కడ అని అడగలేదు. కిటికీ పక్క తలుపు తీసి లోపలికి రమ్మని తన కుర్చీ ఇచ్చింది. తొందరగా తిప్పి చూపించనా అంది. వద్దు, ఎంతసేపు నడిచాడో అంతసేపూ అన్నాను. అయితే గేటుకు పోయింది వద్దు, ఇంటికి వచ్చింది చూడు, లేకుంటే నీకు పొద్దుగూకుతుంది అంది.

తెర మీద నల్లటి పలక. దాని మీద సన్నటి గీత, అది బాట. ఒక చుక్క కుడి, ఒక చుక్క ఎడమ. కుడి చుక్క నిండుగా, ఎడమది సగం వెలిగి. గేటు దగ్గర మొదలై ఒకదాని తర్వాత ఒకటి పడుతూ పోయాయి. అంతే, ఇంకేమీ లేదు. మొహం లేదు, గొంగడి లేదు. కానీ ఆయనే. వెయ్యి మందిలో పెట్టినా ఆ చుక్కలను పోల్చుకుంటాను. నేను నలభై రోజులుగా చేయబోయి చేయలేకపోయింది అక్కడ అలవోకగా పడుతోంది. కుంటి అడుగుకీ మంచి అడుగుకీ మధ్య చిన్న ఆలస్యం ఉంది, ఎడమ కాలు ఎత్తే ముందు ఒక్క క్షణం తటపటాయిస్తాడు. అది నాకు ఎన్నడూ పట్టుబడలేదు.

మూడో కిలోమీటరు దగ్గర చుక్కలు ఆగాయి. ఫర్హానా చాయ్ తెచ్చి పెట్టి బయటికి పోయింది. ముప్పై నిమిషాలు, ముప్పై ఒకటి. కదలని రెండు చుక్కల ముందు కూర్చున్నాను. అప్పుడు ఆయన నాలుక కింద గోళీ పెట్టుకుని, నొప్పి తగ్గడం కోసం చూస్తున్నాడు. అప్పుడు నేను ఇంట్లో ఏం చేస్తున్నానో కూడా గుర్తుంది. నిరుడు నలభై ముగిసిన రోజు కదా, పాయసం వండాను. ఆలస్యమైందని, పాయసం గడ్డకట్టిందని గడపలోనే అరిచాను. ఆయన రెండు గిన్నెలు తిని చాలా బాగుంది అన్నాడు. ఆ పాపం నేను ఎక్కడ కడుక్కోను.

చుక్కలు లేచాయి. మొదట్లో దగ్గర దగ్గరగా, తర్వాత మామూలుగా. చివరికి ఊరి రాయి దగ్గరికి వచ్చి ఆగాయి. తెర మీద గీత ముగిసింది. ఇంటికి వచ్చాడు.

ఫర్హానా వచ్చి నా భుజం మీద చేయి వేసి నిలబడింది. "రేపు రాకుంటే ఇది ఇట్లనే ఉంటదక్కా" అంది మెల్లగా. "నేను తియ్యనియ్యను."

రేపు వస్తానమ్మా అన్నాను.

తేడా 1.


నడక 40

మంచు.

గేటు దాకా పోయి, కచేరీ లోపలికి పోకుండా తిరిగాను. రాయి మీద ముప్పై నిమిషాలు కూర్చున్నాను. ఈ రోజు ఎంత తప్పుగా నడిచినా, అంకె పదిహేను దాటినా భయం లేదు. మూడు రోజులు దాటితేనే కచేరీ మనిషి వస్తాడు, నాకు మిగిలిన నడక ఇదొక్కటే. అందుకని లేచేముందు జోడు విప్పి మడమ కింద గుడ్డ తీసి పారేశాను. జొన్నల సంచి విప్పి రాళ్ళ కుప్ప మీద పెట్టాను, పిట్టలు తింటాయి. మిగిలిన దారి గంగామణిగా పోదామని. ముప్పై తొమ్మిది రోజులు ఆయనను మోశాను, చివరి రెండు కిలోమీటర్లు నన్ను నడవనివ్వండి అనుకున్నాను.

నాలుగు అడుగులు చక్కగా వేశాను. ఐదోది కుంటింది. ఆగి, కాలు చూసుకుని, మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ కుంటింది. మడమ కింద ఏమీ లేదు, వీపు మీద ఏమీ లేదు, మోకాలు తనంతట తానే బయటికి తిరుగుతోంది. చేతులు గొంగడి కొసలు పట్టుకున్నాయి. ఎడమ కాలు ఎత్తే ముందు ఒక్క క్షణం తటపటాయింపు. నిన్నటిదాకా నాకు రానిది.

కాసేపు సరిచేసుకోవాలని చూసి వదిలేశాను.

ఊరు దగ్గరపడేసరికి మరల చప్పుడు లేదు. కొట్టాలకు పోయినట్టున్నాయి. ఊరి రాయి దగ్గర మంచులో మనుషులు నిలబడి ఉన్నారు, మొత్తం ఊరు. నెలన్నర బిగబట్టుకుని ఈ రోజు ఏడవడానికి వచ్చిన వాళ్ళు. నాకు వాళ్ళ మొహాలు కనబడలేదు, వాళ్ళకు నా మొహం కనబడి ఉండదు. గొంగడి కప్పుకుని ఒక కుంటి మనిషి బాట మీద వస్తున్నాడు, అంతే కనబడి ఉంటుంది.

గుంపులోంచి సాయవ్వ బయటికి వచ్చింది. రెండు అడుగులు వేసి ఆగింది. తర్వాత డెబ్బై ఏళ్ళ మనిషి, చెప్పులు లేకుండా, బాట మీద పరిగెత్తుకుంటూ వచ్చింది.

"తమ్మీ" అంది. "ఇంతాల్శమైందేందిరా."

నేను అక్కడే నిటారుగా నిలబడి, వదినా, నేనే గంగను అనవచ్చు. అనలేదు. ఆమె నా దగ్గరికి చేరేదాకా ఆయన నడకే నడిచాను. ముప్పై అడుగులుంటాయి. అన్నీ సరిగ్గా పడ్డాయి.

వచ్చి రెండు చేతులతో గొంగడి తొలగించింది. నా మొహం పట్టుకుని చూసింది. చూసి, అలాగే పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఆమె గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. రాయి దగ్గర ఊరంతా ఏడ్చింది. నాకు మొదట చలి తెలిసింది, పాదాల నుంచి పైదాకా, పళ్ళు కొట్టుకునేంత. తర్వాత ఏడుపు వచ్చింది. బాట మధ్యలో కూలబడి పోశెట్టీ, పోశెట్టీ అని పేరు పెట్టి పిలిచి ఏడ్చాను. బతికుండగా ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు.

జోళ్ళు ఎవరు విప్పారో తెలియదు. పట్టీ మీద అంకె ఎవరూ చూడలేదు.